నేను రాసిన పుట్టినరోజు

ఆదివారం మధ్యాహ్నం తిండ్లయ్యాక హాల్లో చాప పరిచి ఆటల సినిమా పెట్టుకోవడం మా ఇంట్లో రెండు మూడేళ్లుగా ఉన్న అలవాటు. పిల్లల జట్ల సినిమాలే చూసేవాళ్లం. ఏ భాషలో తీసినా తెలుగు డబ్బింగ్ దొరికేది. ఎవరూ లెక్కచేయని ఒక స్కూలు, కాళ్లకు బూట్లు లేని పిల్లలు, ఒకప్పుడు బాగా ఆడి తర్వాత తాగుడుకు పడ్డ కోచ్, మొదట వద్దని తిట్టి చివరి మ్యాచ్‌కు పరుగెత్తుకొచ్చే తల్లో తండ్రో. కథ ఎటు పోతుందో మా అమ్మాయికి ముందే తెలిసిపోయేది.

"ఇప్పుడు వాన వస్తది చూడు," అనేది. వచ్చేది.

"ఇప్పుడు మంచిగ ఆడే పోరికి కాలు బెణుకుతది." బెణికేది.

"అన్నీ ఎరుకైనంక ఎందుకే చూసుడు?" అని మా ఆయన నవ్వేవాడు.

"గెలుస్తరు గద డాడీ. గెలిచేది చూడొద్దా?"

చివరి పది నిమిషాలు నేను ఏడ్చేదాన్ని. ఎన్నోసారి చూస్తున్న సినిమా అయినా సరే. "డాడీ, అమ్మ నల్లా తిప్పింది," అని అమ్మాయి నా చెంగు తీసి నా మొహానికే అద్దేది. ఓడిన జట్టుకు ఇంకో అవకాశం దొరకడం, ఆ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎగరడం చూస్తే చాలు నాకు. ఆటంటే ఇష్టం ఉండి కాదు. మరిపెడలో చదువుకున్నప్పుడు ఆటల పీరియడ్‌లో కూడా చెట్టు కింద కూర్చుని లెక్కలు చేసుకున్నదాన్ని నేను. ఎవరికంటే వెనకబడిపోతానో అని ఒక బెదురు. పెళ్లయి, డిగ్రీ ముగించి, తల్లినయ్యాక ఆ బెదురు పిల్ల మీదికి మళ్లింది. అన్నం తక్కువ తింటే భయం, ఎక్కువ తింటే భయం. స్కూలు బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్‌కు ఫోన్ చేసేదాన్ని. "మేడం, గేటు పడ్డది. రైలును నేను ఆపగల్గుతనా?" అని ఆయన విసుక్కునేవాడు.

మా అమ్మాయి ఖోఖో ఆడుతుంది. సన్నగా, పొట్టిగా ఉంటుందని ఆరో తరగతి దాకా ప్రార్థనలో మొదటి వరుసలో నిలబెట్టారు. ఏడో తరగతిలో పీఈటీ సార్ ఒకసారి ఊరికే పరుగెత్తమని చూసి, నన్ను పిలిపించాడు. "అమ్మా, ఈ పిల్ల చేప లెక్క జారుతాంది. ఎవ్వలికీ దొరుకుతలేదు. పొద్దుగాల పంపుండ్రి," అన్నాడు. మేముండేది ఖిలా వరంగల్‌లో. కోటగోడ పక్క ఖాళీ జాగాలో పొద్దున ఐదున్నరకే ప్రాక్టీస్. స్కూటీ మీద దింపి, ఇంటికి రాకుండా అక్కడే రాయి మీద కూర్చునేదాన్ని. ఒక జట్టు వరుసగా కూర్చుని తరుముతుంది, ఇంకో జట్టు ముగ్గురు ముగ్గురుగా దిగి దొరక్కుండా తప్పించుకుంటుంది. ఆట అంతే. మా అమ్మాయిని ఎప్పుడూ చివరి ముగ్గురిలో దింపేవారు, టైం అయిపోయేదాకా నిలబడుతుందని. అది దిగినప్పుడల్లా నా పిడికిళ్లు బిగుసుకునేవి.

జట్టు కెప్టెన్ పొడుగ్గా, పెద్ద గొంతుతో ఉండే పిల్ల. వాళ్ల నాన్న ఇళ్లకు రంగులు వేస్తాడు. నన్ను చూసి, "ఆంటీ, మీరు జర ఊపిరి తీసుకోండ్రి. మేం ఉరుకుతాన్నం, మీకు చెమటలు పడ్తానయ్," అనేది. పిల్లలందరూ నవ్వేవారు. అందరికంటే ఎక్కువ మా అమ్మాయే నవ్వేది.

ఇక్కడ పుట్టినరోజుల సంగతి చెప్పాలి. మా వైపు చాలామందికి రెండు ఉంటాయి. ఒకటి ఇంట్లోది, ఒకటి సర్టిఫికెట్‌లోది. నేను చదివిన బళ్లో పెద్దసారు ఒకటో తరగతిలో చేరిన పిల్లలందరికీ జూన్ నెలలో తోచిన తేదీ వేశాడు. నేను అసలు పుట్టింది వినాయక చవితి ముందు రోజు. కాగితాల్లో జూన్ ఎనిమిది. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. "ఒరిజినలా, సర్టిఫికెటా?" అని అడుగుతారు, చెబుతాం, అంతే.

మా అమ్మాయి పుట్టింది జనవరి పదకొండున. రెండేళ్ల ఐదు నెలలప్పుడు నర్సరీలో వేద్దామని ఒక ప్రైవేటు స్కూలుకు తీసుకుపోయాను. అప్పటికే మా తోటికోడలి కొడుకు యూనిఫాం వేసుకుని పద్యాలు చెబుతున్నాడు. ఆఫీసులో ఉన్నాయన ఫారం చూసి తల ఊపాడు.

"మూడేండ్లు నిండలే గదమ్మా. వచ్చే ఏడు తీసుకరాండ్రి."

"ఏడాది వేస్ట్ అయితది గద సార్."

"అయితే డేట్ మీరే జర ఎనకకు జరుపుండ్రి. అందరు చేసేదే. పుట్టిన కాగితం మేం అడుగుతలేం."

అక్కడ నిలబడే రాశాను. గుర్తుంటుందని పదకొండును పదకొండుగానే ఉంచి, జనవరిని ముందు ఏడాది మే చేశాను. ఎనిమిది నెలలు. పిల్ల నా చున్నీ పట్టుకుని, ఇంకో చేతిలో సగం కొరికిన బిస్కెట్ పట్టుకుని ఉంది. ఆ తర్వాత స్కూల్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు అదే తేదీ ఎక్కింది. అక్కడి నుంచి స్కూలు మారినా కాగితం వెంట కాగితం అదే నడిచింది. మున్సిపాలిటీ వాళ్లిచ్చిన అసలు సర్టిఫికెట్‌ను బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఏడాది మిగిలిందని సంతోషపడ్డాను కూడా.

పోయిన ఏడు అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల పోటీలు వర్ధన్నపేటలో పెట్టారు. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు పోతుంది. కెప్టెన్‌కు, మా అమ్మాయికి, ఇంకో నలుగురికి ఆ వయసు గుంపులో అదే చివరి ఏడు. రాష్ట్ర పోటీల్లో కనబడితే స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు పిలుస్తారని సార్ పిల్లలకు చెప్పాడు. కెప్టెన్ ఆ మాట పట్టుకుని రోజూ రెండు రౌండ్లు ఎక్కువ ఉరికేది.

ఒక సాయంత్రం అమ్మాయి వచ్చి, "అమ్మా, సార్ బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ తెమ్మన్నడు. నేను పుట్టిన ఏడు జనవరి ఒకటి తర్వాత పుట్టినోళ్లే ఆడాల్నట. నాది జనవరి పదకొండే గద. పది రోజుల్ల బచాయించిన," అంది. గోడకానుకుని బూట్లు విప్పుకుంటూ అంది. దానికి తెలిసిన పుట్టినరోజు ఒక్కటే. మే నెలది రికార్డు కోసం అని ఎప్పుడో చెప్పాను, అది మరిచిపోయింది.

నేను మరిచిపోలేదు. స్కూలు రిజిస్టర్ ప్రకారం నా కూతురు ఎనిమిది నెలలు పెద్దది, ఆడటానికి లేదు. ఆ రాత్రి బీరువా తీసి అసలు సర్టిఫికెట్ బయటికి తీశాను. ఇది నిజం కాగితం, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. సార్‌కు రెండు తేదీల సంగతి చెబితే రిజిస్టర్ బయటికొస్తుంది. వచ్చే ఏడు పదో తరగతి, మెమోలో తేదీ గురించి ఏం మెలిక పడుతుందో. ఇదంతా మా ఆయనకు చెబితే "సార్‌ను అడుగుదాం పా" అంటాడు. అందుకని ఆయనకూ చెప్పలేదు.

మరునాడు సార్‌కు నేనే ఇచ్చాను. ఆయన అద్దాలు పైకి జరిపి చూశాడు.

"స్కూల్ల గూడ ఇదే ఉన్నది గదమ్మా?"

"ఆ, సార్," అన్నాను.

ఆయన నమ్మాడు. పన్నెండు మంది పిల్లల కాగితాలు, ఎండలో కుర్చీ, ఒళ్లో ఫైలు. రిజిస్టర్ తెప్పించి చూస్తే అయిపోయేది. నా మాట విన్నాడు.

పోటీలు రెండు రోజులు జరిగాయి. మా ఆయన స్పేర్ పార్టుల షాపులో సెలవు పెట్టాడు. బైకు మీద ఇద్దరం పోయాం. ఫైనల్ మధ్యాహ్నం మూడు దాటాక మొదలైంది. ఎదుటి జట్టు పిల్లలు బలంగా, ఎత్తుగా ఉన్నారు. ఆఖరి తరుముడు వాళ్లది, మా అమ్మాయి చివరి ముగ్గురిలో దిగింది. ఇద్దరు తొందరగా దొరికిపోయారు. అదొక్కటే మిగిలింది. ఎన్ని నిమిషాలు నిలబడిందో నాకు గుర్తులేదు. వరుస చివర పాతిన కర్ర దగ్గర ఒంగి, తిరిగి, వాళ్ల వేళ్లకు తగలకుండా జారిపోతుంటే మా ఆయన కుర్చీ మీదికెక్కి, "ఉరుకు బిడ్డా! ఉరుకు!" అని గొంతు పోయేలా అరిచాడు. విజిల్ మోగింది. రెండు పాయింట్లతో గెలిచారు. కెప్టెన్ మా అమ్మాయిని భుజం మీదికెత్తుకుంది. నేను ఫోన్‌లో తీస్తున్నాను. తెర వైపు చూడనే లేదు, ఆకాశం, టెంటు గుడ్డ, పిల్లల కాళ్లు పడ్డాయి.

అరగంట తర్వాత సార్ నుంచి పిలుపొచ్చింది. టెంటు కింద బల్ల దగ్గర పోటీలు నడిపే పెద్దమనుషులు ముగ్గురు, ఎదుటి జట్టు కోచ్ ఉన్నారు. ఎదుటి జట్టు వాళ్లు అభ్యంతరం పెట్టారట. గెలిచిన జట్టు పిల్లల వివరాలన్నీ స్కూలు ఆన్‌లైన్ రికార్డులో చూడమన్నారట. సార్ చేతిలో ఫోన్ ఉంది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఇండ్ల ముందేడాది మే పదకొండు అని ఉన్నది. మీరిచ్చిన దాంట్ల జనవరి. ఏది నిజం?"

"మీకిచ్చిందే సార్. మున్సిపాలిటీదే నిజం."

"మరి స్కూల్ల గిది ఎవలు రాసిండ్రు?"

"నేనే."

ఎదుటి కోచ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏందక్కా, బిడ్డను రెండుసార్లు కన్నవా?" అన్నాడు. చుట్టూ ఉన్న వాళ్లు నవ్వారు. ఆ నవ్వు తగ్గాక పెద్దమనిషి ఒకాయన నెమ్మదిగానే చెప్పాడు. "చూడమ్మా, నీ మాట నిజమే గావొచ్చు. కానీ రెండు డేట్లున్న పిల్లను ఆడిచ్చుడు రూల్‌కు ఒప్పదు. ఒక్క పిల్ల తప్పైతే టీం మొత్తం పోతది. మేం ఏం చేస్తం?"

"ఒక్క నా బిడ్డను తీసేయండ్రి సార్. మిగిలినోళ్లను పోనీయండ్రి," అని మా ఆయన ఆ పెద్దమనిషి చేతులు పట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు సంగతి సగమే అర్థమైంది.

"ఆడకముందు చెప్తే గట్లనే చేద్దుము గదన్నా," అన్నాడాయన.

ముందురోజు చెప్పి ఉంటే మా అమ్మాయి ఒక్కతే బయట కూర్చునేది. ఏడ్చేది, నన్ను తిట్టేది. పదకొండు మంది మాత్రం ఆడేవారు.

సార్ పిల్లల దగ్గరికి పోయి చెప్పాడు. నేను దూరం నుంచి చూశాను. కెప్టెన్ ముందు నమ్మలేదు, నవ్వింది. తర్వాత చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడిపోయింది. పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. మా అమ్మాయి అందరి మొహాల వంకా ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఎవరూ దాని వైపు చూడలేదు.

స్కూలు వ్యాన్‌లో కెప్టెన్ పక్క సీటు ఎప్పుడూ దానిదే. ఎక్కబోయేసరికి ఆ సీట్లో బ్యాగు ఉంది. అది దిగి, మా బైకు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునే పిల్ల, "నేను ఎనకాల కూసుంట," అంది. నేను మధ్యలో కూర్చున్నాను. దాని చేతులు నా మీద పడలేదు, వెనక కమ్మీ పట్టుకుంది. ఖమ్మం రోడ్డు మీద లారీలు దాటిపోతుంటే గాలి కొడుతోంది. చాలాసేపటికి వెనక నుంచి గొంతు వినిపించింది.

"నీకు తెల్సా?"

"ఏంది బిడ్డా?"

"నేను ఆడితే టీం పోతదని నీకు తెల్సా?"

"టీం పోతదని తెల్వదు. నువ్వు ఆడద్దని తెలుసు."

"ముందే?"

"ముందే."

వెనక్కి తిరిగి దాని మొహం చూడటానికి నాకు వీలు లేదు.

మా ఆయన నన్ను తిట్టలేదు. "నాకొక్క మాట చెప్పకపోతివి," అన్నాడు. అదే మాట రెండు రోజుల తర్వాత ఇంకోసారి అన్నాడు, అన్నం కలుపుకుంటూ. పీఈటీ సార్‌ను స్కూలు వాళ్లు సంజాయిషీ రాసిమ్మన్నారు. నేను పోయి క్షమించమంటే, "నేను గూడ చూడకపోతినమ్మా, నా తప్పు గూడ ఉన్నది," అన్నాడు. ఆ మంచితనం నాకు ఆ కోచ్ వేళాకోళం కంటే ఎక్కువ గుచ్చుకుంది.

అమ్మాయి స్కూలుకు పోయేది, వచ్చేది. ప్రాక్టీస్‌కు పోలేదు. పొద్దున ఐదింటికి అలవాటుగా నాకు మెలకువ వచ్చేది, దానికీ వచ్చేదని తెలుసు. గోడ వైపు తిరిగి కదలకుండా పడుకునేది. కెప్టెన్‌ను హాస్టల్ వాళ్లు పిలవలేదు. స్కూలు దగ్గర మిగిలిన తల్లులు మాట్లాడుకుంటూ ఉండి, నేను రాగానే టిఫిన్ల సంగతి ఎత్తేవారు.

ఒక ఆదివారం మా ఆయన అంతా మామూలు అయినట్టే చాప పరిచి సినిమా పెట్టాడు. అమ్మాయి వద్దనలేదు. ప్లేటు పట్టుకుని కూర్చుంది. ఆఖరి మ్యాచ్ వచ్చింది, ఆ పిల్లలకు రెండో అవకాశం వచ్చింది, గ్రౌండ్‌లోకి వరుసగా పరుగెత్తుతున్నారు. అది తెర వైపే చూస్తూ, "వీళ్ల కాగితాలు ఎవలు చూసిండ్రు డాడీ?" అంది. వేళాకోళం లేదు, నిజంగానే అడిగినట్టుంది. మా ఆయన రిమోట్ వెతుక్కున్నాడు. అది లేచి ప్లేటు కడుక్కుని లోపలికి పోయింది.

ఆ వారమే అమ్మాయి స్కూలు పెద్దసార్‌ను కలిశాను. రిజిస్టర్‌లో తేదీ దిద్దించాలంటే అర్జీ, కోర్టు కాగితం, పై ఆఫీసు ఆర్డర్ కావాలన్నాడు. అర్జీలో కారణం రాయాలి. "పాపను తొందరగా బడిలో వేయాలనే ఉద్దేశంతో తల్లినైన నేనే తప్పుడు తేదీ రాశాను" అని రాసి సంతకం పెట్టాను. తేదీ మారినా, పద్నాలుగేళ్ల లోపు ఆట అయితే మళ్లీ లేదు. వచ్చే ఏటి నుంచి తనకంటే రెండు మూడేళ్లు పెద్ద పిల్లల మధ్య ఆడాలి, జట్టులో చోటుంటే.

అక్కడి నుంచి ధైర్యం పోకముందే గ్రౌండ్‌కు పోయాను. అప్పుడు సాయంత్రం కూడా ప్రాక్టీస్ పెడుతున్నారు. పిల్లలు ఆగి నిలబడ్డారు. "తప్పు నాది. ఆమెకు ఏమీ తెల్వదు. నేను అబద్ధం చెప్పిన," అన్నాను. కెప్టెన్ నేల వైపు చూసి, బూటు కొనతో గీత గీస్తూ అంది.

"ఎరుకే ఆంటీ. సార్ చెప్పిండు." గీత ముగించి, "ఆమెను రమ్మనుండ్రి. ఉరికేటోళ్లు తక్కువైండ్రు," అంది. ఆంటీ ఊపిరి తీసుకోండ్రి అనలేదు. నేనెప్పుడు పోతానా అని మిగిలిన పిల్లలు ఎదురుచూస్తున్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అమ్మాయి పుస్తకం మూయకుండానే విన్నది. మూడో రోజు పొద్దున బూట్లు వేసుకుని వాకిట్లో నిలబడింది.

"పోత. కానీ నువ్వు ఉండద్దు."

"దూరంగ కూసుంట."

"ఉండద్దు అమ్మా. మలుపు కాడ దింపి వెళ్లిపో."

అప్పటి నుంచి మలుపు దగ్గర దింపుతున్నాను. అది వెనక్కి తిరగకుండా పోతుంది. నేను స్కూటీ తిప్పుకుని వచ్చేస్తాను. వాళ్లు దాన్ని ఆటలోకి తీసుకుంటున్నారో, ఒక పక్కన నిలబెడుతున్నారో నాకు తెలియదు. సార్‌ను అడిగే హక్కు పోగొట్టుకున్నాను. దాన్ని అడిగితే, "మంచిగనే ఉన్నది," అంటుంది. మా ఆయనకూ అదే చెబుతుంది.

అందుకని బట్టలు ఉతికేటప్పుడు దాని ట్రాక్ ప్యాంటు ముందు తీసి చూస్తున్నాను. ఆడిన రోజు మోకాళ్ల మీద ఎర్రమట్టి ఉండాలి, తుంటి పక్కన గీసుకుపోయిన మరక ఉండాలి. సోమవారం ఒక మోకాలికి కొంచెం ఉంది, ఉత్తగా కూర్చున్నా అంత అంటుతుంది. బుధవారం రెండు మోకాళ్లకూ ఉంది, నానబెట్టకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఈరోజు ప్యాంటు మడత కూడా చెదరకుండా శుభ్రంగా వచ్చింది.